పాఠకుల ప్రశ్నలు: మంచుగాలిలో వేడినీళ్ళు, సౌనా, చన్నీటి మునక

చలికాలంలో సరస్సు ఒడ్డునో, సముద్రతీరంలోనో ఆరుబయట ఏర్పాటు చేసిన హాట్‌టబ్ (వేడినీటి తొట్టి), సౌనాల (పొయ్యితో బాగా వేడెక్కించిన గదుల) స్పాకు వెళ్ళబోతున్నవారు, ఇప్పటికే వెళ్ళివచ్చినవారు రాసిన ఉత్తరాలకు ఈసారి శీర్షికను పూర్తిగా కేటాయిస్తున్నాము. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట అందరి తరఫున ఒక ఉత్తరాన్ని ఎంచుకున్నాము.

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు మమ్మల్ని సరస్సు ఒడ్డున ఉన్న ఒక స్పాకు తీసుకువెళ్తామంటున్నారు. అక్కడ బయట ఉష్ణోగ్రత సున్నాకు దిగువన ఉంటుందట, తలమీద మంచు కురుస్తుంటే వేడినీళ్ళలో కూర్చోవాలట. తడి ఒంటితో అంత చలిలోకి వస్తే జలుబో న్యుమోనియానో పట్టుకోదా? ఇంట్లో చేసే వేడినీళ్ళ స్నానంలో లేనిది అక్కడ ఏముంది?

జవాబు: జలుబుకు కారణం వైరస్‌లు, న్యుమోనియాకు కూడా ఏదో ఒక సూక్ష్మజీవి కారణం. తడి ఒంటికి ఒకటి రెండు నిమిషాలు చలిగాలి తగిలినంత మాత్రాన ఆ జబ్బులు రావు గనుక ఆ భయాన్ని పక్కన పెట్టవచ్చు. ఉబ్బసం ఉన్నవారి సంగతి వేరు. గడ్డకట్టే గాలిని ఒక్కసారిగా పీల్చినప్పుడు వారి శ్వాసనాళాలు బిగుసుకుపోవచ్చు కాబట్టి ఇన్‌హేలర్‌ను లాకర్‌లో వదిలేయకుండా చేతికి అందే చోట ఉంచుకోవాలి.

ఇక మీ రెండవ ప్రశ్నకు సమాధానం శరీరం వేడిని వదిలించుకునే తీరులో ఉంది. మెడ వరకు వేడినీటిలో మునిగి ఉన్నప్పుడు చెమట పట్టినా అది ఆవిరి కాలేదు. నీటిపైన ఉన్న తల, ముఖం ద్వారా మాత్రమే వేడి బయటికి పోగలదు. మూసిన స్నానాల గదిలో గాలి కూడా వెచ్చగా, ఆవిరితో నిండి ఉంటుంది కనుక ఆ దారి కూడా దాదాపు మూసుకుపోయి, కాసేపటికే ఉక్కిరిబిక్కిరి అవుతాము. ఆరుబయట, చల్లని పొడిగాలి ముఖానికి తగులుతుండగా అదే నీటిలో ఎంతో తేలికగా ఊపిరి పీలుస్తూ కూర్చోగలుగుతాము. చుట్టూ మంచు, ఎదురుగా నిశ్చలమైన నీరు, నీటిపైనుంచి లేస్తున్న పొగ కలిసి ఇచ్చే ఆనందం నిజమైనదే, అందుకోసం ప్రయాణం చేయడం తప్పకుండా తగినదేనని నా అభిప్రాయం. అయితే ఆ హాయిలోనే ఒక మోసం కూడా ఉంది. ముఖం చల్లగా ఉన్నంత సేపూ మనకు వేడి ఎక్కడం లేదనిపిస్తుంది గానీ, మునిగి ఉన్న శరీరం లోలోపల వేడెక్కుతూనే ఉంటుంది. అందువల్ల సుఖంగా ఉందా లేదా అన్నది కాక గడియారం చూసుకోవాలి. నీరు 40 డిగ్రీల సెల్సియస్‌ను మించకూడదు, ఒక విడతకు పది పదిహేను నిమిషాలు చాలు.

లేచేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. నీటి ఒత్తిడి కాళ్ళలోని రక్తాన్ని గుండె వైపు నెడుతూ ఉంటుంది, వేడికి రక్తనాళాలు విప్పారి ఉంటాయి. చటుక్కున నిలబడితే ఆ ఒత్తిడి ఒక్కసారిగా తొలగిపోయి, రక్తం కాళ్ళలోకి దిగి కళ్ళు తిరుగుతాయి. ముందుగా టబ్ అంచున ఒక నిమిషం కూర్చుని, కడ్డీ పట్టుకుని లేవండి. ఆ తర్వాత అడుగు పెట్టే నేల చూసుకోండి. స్నానం చేసినవారి ఒంటినుంచి కారిన నీరు ఆ నడకదారి మీదే గడ్డకట్టి, కంటికి కనబడని మంచుపొరగా మారుతుంది. ఇటువంటి చోట జలుబు కన్నా కాలు జారడమే చాలా ఎక్కువగా జరిగే ప్రమాదం. పట్టున్న రబ్బరు చెప్పులు, టబ్ పక్కనే తగిలించుకున్న మందపాటి స్నానపు కోటు, తలకు ఉన్ని టోపీ వెంట ఉండాలి. తడిసిన జుట్టు ఆ చలిలో కొద్ది నిమిషాలకే బిరుసెక్కుతుంది, నీటి మీదుగా వచ్చే గాలి ఆ చలిని రెట్టింపు చేసినట్టుంటుంది.

ప్రశ్న: సౌనా గదిలో 90 డిగ్రీలు ఉంటుందని చదివాను. నలభై దాటిన నీరే ప్రమాదమైతే తొంభై డిగ్రీల గదిలో మనిషి ఎలా కూర్చోగలడు? టబ్, సౌనాలలో ఏది ముందు, ఎంతసేపు?

జవాబు: సౌనాలో 80 నుంచి 100 డిగ్రీల వరకు ఉండటం మామూలే. అయితే అది పొడిగాలి. గాలి పలుచని పదార్థం, అది చర్మానికి చేరవేయగల వేడి నీటితో పోలిస్తే చాలా తక్కువ. పైగా అక్కడ పట్టిన చెమట వెంటనే ఆవిరై చర్మాన్ని చల్లబరుస్తుంది. నీటిలో ఈ రెండు రక్షణలూ ఉండవు. పొయ్యిమీది రాళ్ళపై గరిటెడు నీరు చిలకరించిన మరుక్షణం గదిలో వేడి చురుక్కుమని తగలడానికి కూడా ఇదే కారణం. గది ఉష్ణోగ్రత పెద్దగా మారకపోయినా, లేచిన ఆవిరి మన చర్మంపై నీరుగా మారుతూ తనలోని వేడిని అక్కడే దించుతుంది. ఫిన్లాండ్ వాసులు ‘లోయ్లు’ అని పిలిచే ఈ ఆవిరే వారి దృష్టిలో సౌనాకు ప్రాణం. సుమారు 55 లక్షల జనాభా ఉన్న ఆ దేశంలో దాదాపు 30 లక్షల సౌనాలు ఉన్నాయని అంచనా. అక్కడి సౌనా సంస్కృతిని 2020లో యునెస్కో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

మొదటిసారి వెళ్ళేవారు కింది బల్లమీదే కూర్చోవాలి. వేడిగాలి పైకి చేరుతుంది గనుక పై బల్లకు, కింది బల్లకు మధ్య తేడా చాలా ఉంటుంది. ఐదు నుంచి ఎనిమిది నిమిషాలతో మొదలుపెట్టి, అలవాటైన తర్వాత పది పదిహేను నిమిషాల వరకు వెళ్ళవచ్చు. అంతకు మించి కూర్చోవడంలో ఏ ప్రయోజనమూ లేదు. తల దిమ్ముగా ఉన్నా, గుండె దడదడలాడుతున్నా, వికారంగా అనిపించినా మరొక నిమిషం ఓర్చుకుందామని అనుకోకుండా బయటికి రావాలి. పక్కవారు ఇంకా కూర్చుని ఉన్నారన్నది మనం కూర్చోవడానికి కారణం కాకూడదు.

వరుస విషయంలో నా సలహా ఇది. ముందు సబ్బుతో స్నానం చేసి, ఒళ్ళు తుడుచుకుని సౌనాలోకి వెళ్ళండి. తర్వాత బయటి చలిగాలిలో ఊపిరి నెమ్మదించేదాకా నిలబడి, పది నిమిషాలు కూర్చుని నీళ్ళు తాగండి. ఇలా రెండు మూడు విడతలు చేసి, హాట్‌టబ్‌ను చివరకు ఉంచుకోండి. సౌనా నుంచి వచ్చీ రాగానే హాట్‌టబ్‌లో దిగడాన్ని నేను ప్రోత్సహించను. చల్లబడాల్సిన శరీరానికి ఆ అవకాశమే ఇవ్వకుండా వేడి మీద వేడి ఎక్కించడమవుతుంది.

ప్రశ్న: మిత్రులందరూ సౌనా నుంచి పరుగెత్తుకుంటూ వెళ్ళి నేరుగా సరస్సులోకి దూకుతారట. నాకు ఈత వచ్చు, వయసు ముప్పై దాటలేదు, ఏ జబ్బూ లేదు. అయినా భయంగా ఉంది. భయం అనవసరమా?

జవాబు: మీ భయం అవసరమైనదే, దాన్ని పోగొట్టుకోకండి. ఈత రావడానికి, చన్నీటిని తట్టుకోవడానికి సంబంధం చాలా తక్కువ. సుమారు 15 డిగ్రీల కన్నా చల్లని నీటిలో ఒక్కసారిగా పడినప్పుడు చర్మం నుంచి వెళ్ళే సంకేతాలకు శరీరం తనంతట తానే స్పందిస్తుంది. ముందు పెద్దగా ఊపిరి ఎగబీలుస్తాము, ఆపైన శ్వాస అదుపు తప్పి వేగంగా నడుస్తుంది, గుండె వేగం, రక్తపోటు పెరిగిపోతాయి. మొదటి అర నిమిషం నుంచి ఒక నిమిషం లోపల ఇది తీవ్రంగా ఉండి, రెండు మూడు నిమిషాలలో తగ్గుముఖం పడుతుంది. ఆ మొదటి ఊపిరి ఎగబీల్చే క్షణంలో తల నీటి కింద ఉంటే ఊపిరితిత్తులలోకి నీరు చేరుతుంది. మంచి ఈతగాళ్ళు సైతం ఒడ్డుకు రెండు బారల దూరంలో మునిగిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. అంతేకాక, ముఖం చన్నీటిలో మునిగినప్పుడు గుండెను నెమ్మదించమనే సంకేతం, చర్మమంతా చల్లబడినప్పుడు గుండెను వేగిరపరచే సంకేతం ఒకేసారి వెలువడతాయి. ఈ రెండింటి పెనుగులాటలో గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. కాబట్టి దూకవద్దు, తల ముంచవద్దు.

చలికాలపు సరస్సులో నీరు ఎంత చల్లగా ఉంటుందో కూడా తెలుసుకోవడం మంచిది. మంచినీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉండి అడుగుకు చేరుతుంది, మంచుపొరకు ఆనుకుని ఉన్న నీరు సున్నాకు దగ్గరగా ఉంటుంది. సముద్రపు నీరైతే ఉప్పు వల్ల సున్నాకు దిగువన కూడా గడ్డకట్టకుండా ఉండగలదు.

సౌనా తర్వాత వెంటనే పరుగు తీయకుండా, శ్వాస నిలకడ పడేదాకా బయట నిలబడండి. నిచ్చెన మీదుగా, కడ్డీని వదలకుండా, మెట్టు మెట్టుగా దిగుతూ ప్రతి మెట్టు దగ్గరా నోటితో పొడుగ్గా ఊపిరి వదలండి. ఊపిరి వదలడం మీద మనసు పెడితే ఆ ఎగబీల్పు చాలావరకు అదుపులోకి వస్తుంది. నడుము లోతు దగ్గర ఆగిపోయినా చిన్నతనం ఏమీ లేదు. భుజాల దాకా దిగితే, మొదటిసారి అర నిమిషం చాలు. అసలు చిక్కు బయటికి వచ్చేటప్పుడు ఎదురవుతుంది. చన్నీటిలో చేతులు, కాళ్ళు కొద్ది నిమిషాలలోనే పట్టు కోల్పోతాయి గనుక, ఇంకా ఉండగలననిపించినప్పుడే, వేళ్ళు నిచ్చెనను గట్టిగా పట్టుకోగలుగుతున్నప్పుడే పైకి రావాలి. ఒడ్డున మిమ్మల్ని చూస్తూ ఒకరు తప్పనిసరిగా ఉండాలి. మద్యం తాగినవారు ఇటు సౌనాకు గానీ, అటు చన్నీటికి గానీ దగ్గరగా రాకూడదు, ఈ విషయంలో నేను ఏ మినహాయింపునూ అంగీకరించను.

ఎక్కువసేపు నీటిలో ఉన్నవారికి పైకి వచ్చాక కూడా కొన్ని నిమిషాల పాటు లోపలి ఉష్ణోగ్రత పడిపోతూనే ఉంటుంది, వణుకు అప్పుడు మొదలవుతుంది. అటువంటప్పుడు తడి బట్టలు తీసి, ఒళ్ళు తుడుచుకుని, పొడి బట్టలు వేసుకుని కూర్చోవాలి. మరిగే నీళ్ళ షవర్ కింద నిలబడితే రక్తనాళాలు ఒక్కసారిగా విప్పారి సొమ్మసిల్లవచ్చు. చివరగా ఒక మాట చెప్పాలి. సౌనా ఆనందానికి చన్నీటి మునక తప్పనిసరి కాదు. బయటి గాలి, పిడికెడు మంచుతో చేతులూ కాళ్ళూ రుద్దుకోవడం సరిపోతాయి. మిత్రులతో కలిసి వెళ్ళి, వారు దూకుతుండగా మీరు ఒడ్డున కాపలా ఉంటే ఆ బృందానికి మీరు చేసే మేలు చిన్నది కాదు.

ప్రశ్న: సౌనా వల్ల ఒంట్లోని విషపదార్థాలు పోతాయని, బరువు తగ్గుతుందని అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. చెమటలో అధికభాగం నీరు, కొంత ఉప్పు మాత్రమే. శరీరంలోని వ్యర్థాలను తొలగించే పని కాలేయం, మూత్రపిండాలు చేస్తాయి. ఒక పూట సౌనాలో సుమారు అర లీటరు చెమట పోతుంది, తూకంలో కనిపించే తగ్గుదల అదే, నీళ్ళు తాగగానే అది తిరిగి వస్తుంది, రావాలి కూడా.

ప్రశ్న: మా అమ్మగారికి అరవై ఎనిమిదేళ్ళు. రక్తపోటుకు, మధుమేహానికి మందులు వాడుతున్నారు, ఇన్సులిన్ కూడా తీసుకుంటారు. సౌనా గుండెకు మంచిదని ఎక్కడో చదివి, తానూ వస్తానంటున్నారు. తీసుకువెళ్ళవచ్చా?

జవాబు: మీ అమ్మగారు చదివింది బహుశా ఫిన్లాండ్ పరిశోధన గురించి అయివుంటుంది. అక్కడి తూర్పు ప్రాంతానికి చెందిన 2,315 మంది మధ్యవయసు పురుషులను దాదాపు ఇరవై ఏళ్ళపాటు గమనించి, వారానికి నాలుగు నుంచి ఏడుసార్లు సౌనాకు వెళ్ళేవారిలో ఆకస్మిక గుండె మరణాలు, వారానికి ఒకసారి వెళ్ళేవారి కన్నా తక్కువగా ఉన్నాయని 2015లో ప్రచురించారు. మంచి అధ్యయనమే. కానీ అది చిన్ననాటి నుంచి సౌనాకు అలవాటుపడిన పురుషుల గురించినది. పైగా ఆరోగ్యంగా ఉన్నవారే తరచుగా సౌనాకు వెళ్ళగలరన్న వివరణను అటువంటి పరిశీలన పూర్తిగా తోసిపుచ్చలేదు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో మొదటిసారి వెళ్ళే మహిళకు దాన్ని హామీగా తీసుకోవడం సరికాదు.

సౌనాలో గుండె నిమిషానికి 100 సార్లు, వేడి బాగా ఎక్కువైతే 150 సార్ల వరకు కొట్టుకోవచ్చు. మందులతో రక్తపోటు అదుపులో ఉండి, నాలుగు మెట్లు ఎక్కినా ఆయాసం రాని వారు సాధారణంగా దీన్ని తట్టుకుంటారు. ఇటీవల గుండెపోటు వచ్చినవారు, విశ్రాంతిలో కూడా ఛాతీ నొప్పి వచ్చేవారు, గుండెలోని బృహద్ధమని కవాటం తీవ్రంగా సన్నబడినవారు వెళ్ళనే కూడదు. రక్తపోటు మందులు, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోయేలా చేసేవి, ఛాతీ నొప్పికి వాడే నైట్రేట్లు వేడితో కలిసినప్పుడు రక్తపోటు మరీ పడిపోయి లేవగానే కింద పడే ప్రమాదం ఉంది.

మధుమేహం విషయంలో రెండు అంశాలు చాలామందికి తెలియవు. వేడికి చర్మంలో రక్తప్రసరణ పెరిగి, ఇంజెక్షన్‌గా తీసుకున్న ఇన్సులిన్ మామూలు కన్నా వేగంగా రక్తంలో కలుస్తుంది, దాంతో చక్కెర పడిపోవచ్చు. అప్పుడు పట్టే చెమటను, కలిగే నీరసాన్ని సౌనా ప్రభావమేననుకుని పొరబడటం చాలా తేలిక. కనుక వెళ్ళేముందు, వచ్చాక చక్కెర పరీక్షించుకోవాలి, వెంట గ్లూకోజ్ ఉండాలి. ఇన్సులిన్ సీసాను, పంపును సౌనాలోకి తీసుకువెళ్ళకూడదు, ఆ వేడికి మందు పాడవుతుంది. రెండవది, పాదాలలో స్పర్శ తగ్గినవారికి నీరు కాలుతున్నా, మంచు కొరుకుతున్నా తెలియదు. ఆవిడ పాదాలను టబ్‌లో పెట్టే ముందు మీ చేతితో నీటిని చూడండి, బయట ఒక్క అడుగు కూడా చెప్పులు లేకుండా వేయనివ్వకండి. నొప్పికో, గుండెకో మందుపట్టీలు చర్మంపై అతికించుకునేవారికి కూడా వేడివల్ల మందు ఎక్కువ మోతాదులో లోపలికి చేరుతుందని తెలియాలి.

ముందుగా ఆవిడను చూసే వైద్యుడిని సంప్రదించండి. ఆయన అనుమతిస్తే, మితమైన వేడి ఉన్న టబ్‌లో పది నిమిషాలు, కింది బల్లమీద ఐదు నిమిషాలు, పక్కన మీరు. చన్నీటి మునక మాత్రం వద్దు. విప్పారిన రక్తనాళాలు ఒక్కసారిగా బిగుసుకుని రక్తపోటు ఎగబాకే ఆ క్షణం ఆవిడకు ఏ విధంగానూ క్షేమం కాదు.

ప్రశ్న: నాకిప్పుడు రెండో నెల. స్నేహితురాళ్ళతో ముందే ఏర్పాటు చేసుకున్న ప్రయాణం. కాసేపైతే ఫర్వాలేదా?

జవాబు: హాట్‌టబ్‌లోకి, సౌనాలోకి దిగవద్దమ్మా. తొలి నెలల్లో తల్లి శరీర ఉష్ణోగ్రత 39 డిగ్రీలకు చేరితే, బిడ్డ మెదడు, వెన్నుపాము రూపొందడంలో లోపాల అవకాశం పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ప్రయాణం మానుకోనక్కర్లేదు. వెచ్చగా దుప్పటి కప్పుకుని, గోరువెచ్చని నీటిలో పాదాలు మాత్రం పెట్టుకుని ఒడ్డున కూర్చోండి. వైద్యురాలికి కూడా ఒక మాట చెప్పి వెళ్ళండి.

ప్రశ్న: అంతమంది దిగే టబ్‌లో నీరు శుభ్రంగా ఉందని ఎలా తెలుసుకోవాలి? క్లోరిన్ వాసన ఘాటుగా వస్తుంటే శుభ్రంగా ఉన్నట్టేనా? మాకు నాలుగేళ్ళ పాప ఉంది.

జవాబు: చాలామంది అనుకునేదానికి వాస్తవం దాదాపు వ్యతిరేకం. ముక్కుపుటాలు మండించే ఆ వాసన చెమట, మూత్రం వంటివాటితో కలిసి క్లోరిన్ మారిపోయినప్పుడు పుట్టే పదార్థాలది. సరిగా నిర్వహించిన టబ్‌లో వాసన స్వల్పంగానే ఉంటుంది. వేడినీటిలో క్లోరిన్ త్వరగా తరిగిపోతుంది కాబట్టి ఈత కొలను కన్నా హాట్‌టబ్‌ను తరచుగా పరీక్షించాలి. లీటరుకు కనీసం 3 మిల్లీగ్రాముల క్లోరిన్ లేదా 4 మిల్లీగ్రాముల బ్రోమిన్, 7.0 నుంచి 7.8 మధ్య పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) ఉండాలన్నది అమెరికా ప్రజారోగ్య సంస్థ సూచన. పరీక్షించిన వేళ, వచ్చిన అంకెలు రాసిన పట్టిక చూపమని సిబ్బందిని అడగడానికి మొహమాటపడకండి. నీరు మసకగా ఉన్నా, గోడలు చేతికి జిగురుగా తగిలినా దిగవద్దు. అటువంటి నీటిలో పెరిగే సూడోమొనాస్ బ్యాక్టీరియా వల్ల ఒకటి రెండు రోజులకు ఒంటిమీద దురదపెట్టే ఎర్రటి పొక్కులు వస్తాయి. బుడగల నుంచి లేచే తుంపరల ద్వారా లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా ఊపిరితిత్తులకు చేరితే తీవ్రమైన న్యుమోనియా రావచ్చు. వయసు మళ్ళినవారు, పొగతాగేవారు దీనికి ఎక్కువగా లోనవుతారు. మనవైపు నుంచి చేయగలిగిన మంచి పని, దిగేముందు సబ్బుతో శుభ్రంగా స్నానం చేయడం.

పాప సంగతి చెప్పాలంటే, ఐదేళ్ళలోపు పిల్లలను హాట్‌టబ్‌లో దించకూడదు. చిన్న శరీరం మనకన్నా చాలా వేగంగా వేడెక్కుతుంది. పెద్ద పిల్లలైనా, పొడుగు జుట్టున్నవారు ముడివేసుకుని, నీటిని లాగే రంధ్రాలకు దూరంగా కూర్చోవాలి. వాటి లాగుడుకు చిక్కుకుని ప్రాణాలు పోయిన సంఘటనల తర్వాతనే అమెరికా 2007లో ఆ రంధ్రాలకు రక్షణ మూతలు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది.

ప్రశ్న: ఇటువంటి చోట బట్టలు లేకుండా కూర్చోవాలని విన్నాను. నాకు అది కుదరదు. నగలు తీసేయాలా?

జవాబు: పద్ధతి చోటును బట్టి మారుతుంది. ఫిన్లాండ్‌లో స్త్రీలకు, పురుషులకు వేరువేరు సౌనాలున్నచోట బట్టలు లేకుండా కూర్చోవడం సహజం, అందరూ కలిసి కూర్చునే తీరప్రాంతపు సౌనాలలో ఈత దుస్తులు మామూలు. జర్మనీలో చాలాచోట్ల ఈత దుస్తులతో సౌనాలోకి రానివ్వరు, తువ్వాలు చుట్టుకోవచ్చు. కాబట్టి బయలుదేరకముందే నియమాలు అడిగి తెలుసుకుని, మీకు ఇబ్బందిలేని చోటును ఎంచుకోండి. మోచేతులు, మోకాళ్ళ వరకు కప్పే ఈత దుస్తులను అనుమతించే చోట్లు ఎన్నో ఉన్నాయి.

నగలు తప్పకుండా తీసేయండి. లోహం సౌనాలో చర్మం కాలేంత వేడెక్కుతుంది, చన్నీటిలో వేళ్ళు సన్నబడి ఉంగరాలు జారిపోతాయి. లోహపు కళ్ళజోడు, కాంటాక్ట్ లెన్సులు కూడా వద్దు. బల్లమీద తువ్వాలు పరచుకుని కూర్చోవడం, తలుపు తెరిచి ఉంచకపోవడం, రాళ్ళపై నీరు పోసేముందు తోటివారిని అడగడం, ఫోన్‌ను లాకర్‌లోనే వదిలేయడం అన్నిచోట్లా మర్యాదే.

ప్రశ్న: స్పా నుంచి బసకు గంటకు పైగా మంచుదారిలో కారు నడపాలి. సాయంత్రం చివరి విడతలో చోటు దొరికింది. ఇబ్బందేమైనా ఉంటుందా?

జవాబు: ఉంటుంది. వేడి, చలి మార్చి మార్చి అనుభవించాక ఒళ్ళు బరువెక్కి గాఢమైన మగత కమ్ముతుంది, చెమటవల్ల నీరు తగ్గి ఉంటే ఏకాగ్రత ఇంకా సడలుతుంది. వీలైతే పగటి విడతకు మార్చుకోండి. వీలుకాకపోతే కారు నడిపేవారు ఒక్క విడతతో ఆపి, జుట్టు పూర్తిగా ఆరబెట్టుకుని, ఏదైనా తిని, నీళ్ళు తాగి, కనీసం అరగంట కూర్చున్న తర్వాతే తాళం చేతికి తీసుకోవాలి. అప్పటికీ ఆవలింతలు ఆగకపోతే తాళం మరొకరికి ఇవ్వండి, లేదా ఆ రాత్రికి దగ్గరలోనే ఉండిపోయే ఏర్పాటు చేసుకోండి.